అమ్మ గాజులు, గాజు ప్లేట్లు: ఎర్మనాక్స్‌తో ఆరేళ్లు

అమ్మ జర్మనీలో మేముండే డ్రెస్డెన్ వచ్చిన చలికాలంలో తీసిన ఫోటో ఒకటి మా హాల్లో ఉంది. వంటగది బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పైన ఒక్కటే బల్బు. చేతి గాజులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, వాటి మీది సన్నటి చెక్కుళ్లు కూడా కనిపిస్తాయి. మొహం మాత్రం ఆవిరి పట్టిన అద్దం వెనక ఉన్నట్టుంటుంది. ప్రింటు చేతికిస్తే అమ్మ చాలాసేపు చూసింది. "గాజులు బాగా పడ్డాయి నాన్నా. మరి నేనేదిరా?" అని అడిగింది.

ఆ ఫోటో తీసింది ఎర్మనాక్స్ అనే పాత జర్మన్ కెమెరాతో. ఈ కెమెరా కొని ఆరేళ్లయింది. దీని మీద నాకున్న కోపం, ఇష్టం రెండూ ముందున్న ఆ పెద్ద లెన్సు మీదే. దాని పేరు ఎర్నోస్టార్, 85 మిల్లీమీటర్లు, ఎపర్చర్ 1.8. ఎపర్చర్ అంటే లెన్సులో కాంతి వచ్చే దారి; ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ కాంతి వస్తుంది. నిజానికి లెన్సుకే వెనకాల ఒక చిన్న పెట్టె తగిలించారా అనిపిస్తుంది. మిగతా కొలతలన్నీ ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి రాయడం లేదు. నాది 4.5×6 సెంటీమీటర్ల ప్లేటు, అంటే ఫిల్ము బదులు వాడే మందు పూసిన గాజు పలక, పట్టే చిన్న రకం. అది తెలిస్తే చాలు.

నేనుండేది డ్రెస్డెన్‌లో, స్ట్రీసెన్ వైపు. ఎర్నెమన్ కంపెనీ పాత ఫ్యాక్టరీ టవర్ మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. ఇప్పుడు అందులో సాంకేతిక మ్యూజియం నడుస్తోంది. 1924లో ఎర్మనాక్స్‌ను తెచ్చింది ఆ కంపెనీయే. రెండేళ్లు తిరక్కుండానే, 1926లో, ఎర్నెమన్ మరికొన్ని కంపెనీలతో కలిసి జైస్ ఐకాన్ అనే కంపెనీ అయిపోయింది. ఈ లెన్సు లెక్క కట్టిన లుడ్విగ్ బెర్టెలెకు అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. కంప్యూటర్ లేని రోజుల్లో ఒక్కో కాంతి కిరణం దారిని చేత్తో లెక్క వేసుకుంటూ, గది వెలుతురులో మనిషిని ఫోటో తీయగలిగే లెన్సు కట్టాడు. రోజూ ఆ టవర్‌ను చూసేవాడికి ఆ కెమెరా ఒకటి చేతిలో ఉండాలనిపించడంలో వింతేమీ లేదు. వేరే ఊళ్లో ఒక పెద్దాయన అద్దాల బీరువాలో దాచుకున్నది కొన్నాను. రెండు నెలల ఇంటి అద్దె కంటే ఎక్కువే అయింది. దానితో పాటు ఆరు ఇనుప ప్లేట్ హోల్డర్లు, ఫిల్ము పెట్టుకునే పల్చటి రేకు తొడుగులు, నల్ల కాగితంలో చుట్టిన ఒక పాత గాజు ప్లేటు ఇచ్చాడు. ఆ ప్లేటు సంగతి తర్వాత చెబుతాను.

గాజు ప్లేట్లు చేత్తో తయారుచేసి అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ కాంతిని పట్టుకోవడంలో వాటి వేగం ఐఎస్ఓ లెక్కలో 2 నుంచి మహా అయితే 25. మా వంటగది బల్బు కింద 1.8 దగ్గర 400 ఫిల్ముకు సెకనులో ఇరవయ్యో వంతు సరిపోతుంది. ఐఎస్ఓ 25 ప్లేటుకైతే ముప్పావు సెకను కావాలి. ఐఎస్ఓ 2 అయితే మనిషి పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. అందుకని అందరూ చేసేదే నేనూ చేశాను. 4×5 అంగుళాల షీట్ ఫిల్మును చీకట్లో నాలుగు ముక్కలు కోసి, రేకు తొడుగుల్లోకి దూర్చి, ప్లేటు బదులు హోల్డర్లో పెట్టాను. చీకట్లో అలవాటు పడేదాకా చేతులు తెగుతాయి, అంతే.

అమ్మ నవంబరులో వచ్చి మూడు నెలలు ఉంది. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. బయటికి వెళ్లలేక తను రోజంతా వంటగదిలోనే ఉండేది. నేను ఆఫీసు నుంచి రాగానే కెమెరా స్టాండు మీద పెట్టేవాణ్ని. ఫోకస్ చూసుకోవడానికి కెమెరా వెనకుండే గరుకు అద్దం, గ్రౌండ్ గ్లాస్ మీద అమ్మ మొహం తలకిందులుగా, రంగులతో, కదులుతూ కనిపించేది. భూతద్దం పెట్టి చూస్తే కనురెప్పల వెంట్రుకలు వేరువేరుగా తెలిసేవి. ఆ అద్దం మీద చూసినంత అందంగా నేను అమ్మను ఎప్పుడూ చూడలేదు. తర్వాత హోల్డర్ తగిలించి, దాని ముందుండే మూత, డార్క్ స్లైడ్ లాగి, షట్టర్ నొక్కేవాణ్ని. ఆ చలికాలం మొత్తం మీద ఇరవై నాలుగు ముక్కలు ఖర్చుపెట్టాను. వాటిలో ఒక్కదాంట్లో కూడా అమ్మ కళ్లు స్పష్టంగా రాలేదు.

నేను ఆమెను అన్నాను. అదే నాకు ఇప్పటికీ బాధ. "కదిలావమ్మా" అన్నాను. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. "కదల్లేదురా, ఊపిరి కూడా తియ్యలేదు" అనేది. మర్నాడు కుర్చీని గోడకు ఆనించుకుని, తల గోడకు తగిలించి కూర్చునేది. అయినా అంతే. కొంచెం ఆలోచించి ఉంటే అప్పుడే తెలిసేది. మనిషి కదిలితే ముందు చెదిరేది పని చేస్తున్న చేతులు, గోడకు ఆనించిన మొహం కాదు. ఆ ఫోటోల్లో చేతులన్నీ నిలకడగా ఉన్నాయి.

అమ్మ ఫిబ్రవరిలో వెళ్లిపోయింది. తర్వాత వరసగా ఒక్కొక్కటీ అనుమానించాను. గ్రౌండ్ గ్లాస్‌ను ఎవరైనా తిప్పి బిగించారేమో చూశాను. గరుకు వైపు లెన్సు వైపే ఉంది. లెన్సు ఎప్పుడో విప్పి, లోపలి గాజులు తప్పుగా పేర్చి ఉంటారన్న అనుమానంతో ఒక రిపేరు చేసేవారికి పంపాను. ఏడు వారాలు ఉంచుకున్నారు. షట్టర్ గుడ్డలో సూదిమొనంత చిల్లులు మూడు కనిపిస్తే పూడ్చారు, అది మంచి పనే. ఫోకస్ సంగతికి మాత్రం గ్రౌండ్ గ్లాస్ మీద చూసి అంతా సరిగ్గానే ఉందని చీటీ రాసి, గట్టి బిల్లు వేశారు. గ్రౌండ్ గ్లాస్ మీద నాకూ సరిగ్గానే కనబడుతోంది, ఉత్తరంలో ముందే రాశాను ఆ మాట. ఒక్క ఫిల్ము ముక్క తీసి చూసి ఉంటే నాలాగే వాళ్లకీ తెలిసేది. ఆ డబ్బు గురించి ఇప్పటికీ మనసులో ఉంది.

చివరికి మేలో ఒక ఆదివారం నేలమీద టేపు పరిచాను. కెమెరాను రెండు మీటర్ల దూరంలో కాస్త ఎత్తులో పెట్టి, టేపు మధ్యలో ఒక గీతకు ఫోకస్ చేసి తీశాను. నెగెటివ్ కడిగి చూస్తే నేను ఫోకస్ చేసిన గీత మసగ్గా ఉంది. దానికి పన్నెండు సెంటీమీటర్లు ఇవతల, కెమెరా వైపు, అంకెలు సూదితో చెక్కినట్టున్నాయి. మళ్లీ తీశాను. మళ్లీ పన్నెండే. అంటే లెన్సులో లోపం లేదు. బొమ్మ పడాల్సిన చోట ఫిల్ము లేదు, వెనక్కి ఉంది.

నేను పనిచేసేది ఇక్కడి చిప్పుల ఫ్యాక్టరీలో, వేఫర్లనే పల్చటి సిలికాన్ బిళ్లల మీద కాంతితో గీతలు అచ్చువేసే విభాగం. ఫోకస్ తప్పితే ఏమవుతుందో చూసుకోవడమే రోజూ నా పని. ఇంటికొచ్చాక అదే సంగతి ఈ కెమెరాలో తట్టడానికి ఆరు నెలలు పట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది నల్ల కాగితంలోని ఆ పాత ప్లేటు. ఎలాగూ వెలుతురు తగిలి పనికిరాకుండా పోయి ఉంటుంది కాబట్టి పగలే తీసి హోల్డర్లో పెట్టాను. వెనకున్న స్ప్రింగు దాన్ని ముందుకు నెడుతుంది, మందు పూసిన వైపు హోల్డర్ అంచుకు నేరుగా ఆనుతుంది. మధ్యలో ఇంకేమీ లేదు. దాన్ని తీసి ఫిల్ము ఉన్న రేకు తొడుగు పెట్టాను. తొడుగుకు మూడు వైపులా ఫిల్మును పట్టి ఉంచడానికి మడిచిన అంచు ఉంటుంది. హోల్డర్‌కు ఆనేది ఆ మడత. ఫిల్ము దాని వెనకాల ఉంటుంది. మైక్రోమీటర్‌తో కొలిచాను: 0.25. పావు మిల్లీమీటరు.

కాగితం మీద లెక్క వేసుకున్నాను. 85 మిల్లీమీటర్ల లెన్సుతో రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీసేటప్పుడు, ఫిల్ము పావు మిల్లీమీటరు వెనక్కి జరిగితే ఫోకస్ పడే చోటు పన్నెండు, పదమూడు సెంటీమీటర్లు కెమెరా వైపు జరుగుతుంది. 1.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు మొత్తం కలిపి ఎనిమిది సెంటీమీటర్లు. అంటే మొహం పూర్తిగా అవతల పడిపోయింది. మొహానికి ముందు ఏముందో అదే పడింది. అమ్మ ముందు ఏముంటాయి? చిక్కుడుకాయలు, గాజులు.

తొడుగులు చేసినవాళ్లను తప్పుపట్టలేను. ఆ రోజుల్లో ప్లేటు కెమెరాల్లో ఎక్కువ వాటికి 4.5, 6.3 ఎపర్చర్ లెన్సులుండేవి. 6.3 దగ్గర పావు మిల్లీమీటరు తేడా ఎవరికీ కనిపించదు. 1.8 దగ్గర ఒక మిల్లీమీటరులో నూటికి ఏడు వంతులు అటూ ఇటూ అయితేనే మొహం పోతుంది. ఈ కెమెరాకు ఏది బలమో అదే ఆ తొడుగును పనికిరాకుండా చేసింది. కొత్తగా ఎర్మనాక్స్ కొని "పాత లెన్సు కదా, కాస్త మెత్తగా ఉంటుంది" అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే: ముందు మీ తొడుగు అంచు కొలవండి. ఎర్నోస్టార్ మెత్తని లెన్సు కాదు. మధ్యభాగంలో అయితే అస్సలు కాదు.

సరిచేయడానికి మొదట గ్రౌండ్ గ్లాస్ చట్రం కింద కాగితం పట్టీలు పెట్టి దాన్నీ పావు మిల్లీమీటరు వెనక్కి జరిపాను. పనిచేసింది. కానీ లెన్సు మీది దూరం అంకెలు అబద్ధమైపోయాయి. స్టాండు లేకుండా చేత్తో పట్టుకుని తీసేటప్పుడు ఆధారం ఆ అంకెలే. పట్టీలు తీసేశాను. అద్దాలు కోసే షాపులో ఫోటో ఫ్రేముల పల్చటి అద్దం నుంచి పాత ప్లేటు కొలతకు పన్నెండు ముక్కలు కోయించి, అంచులు నునుపు చేయించాను. చీకట్లో ఫిల్ము ముక్కను ఆ గాజు మీద, మళ్లీ ఊడొచ్చే పల్చటి జిగురుతో అతికిస్తాను. ఇప్పుడు హోల్డర్ అంచుకు ఆనేది ఫిల్మే. వెనక గాజు ఎంత మందమైనా పర్వాలేదు, స్ప్రింగు చూసుకుంటుంది. డెవలపర్లో వేసే ముందు ఊడదీసి, వెనకంటిన జిగురును ఆల్కహాలుతో తుడవాలి. ఒక్కోదానికి పది నిమిషాల పని. జిగురు ఎక్కువైతే ఫిల్ము ఉబ్బుతుంది, తక్కువైతే జారుతుంది. మొదటి నెల సగం పాడుచేసుకున్నాను.

ఫోన్లో అమ్మకు చెప్పాను. "నువ్వు కదల్లేదమ్మా. తప్పు రేకుది. ఇప్పుడు గాజు మీద అతికిస్తున్నాను." కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేను చెప్పలేదూ" అంది.

ఆ తర్వాత ఎరిక్ సాలొమొన్ ఫోటోలు చూస్తే కొత్తగా కనిపించాయి. 1928లో బెర్లిన్ కోర్టులో విచారణ జరుగుతుంటే ఎర్మనాక్స్‌ను టోపీలో దాచి తీసినవాడు ఆయన. తర్వాత అంతర్జాతీయ సమావేశాల్లో అర్ధరాత్రి దాకా మాట్లాడి అలసిన మంత్రుల్ని గది దీపాల వెలుతురులోనే తీశాడు. కుర్చీల్లో కూరుకుపోయిన మొహాలు, కునుకు తీస్తున్న మొహాలు. ఎర్మనాక్స్‌తో తీసినవన్నీ గాజు ప్లేట్ల మీదే. ఒక హోల్డర్లో ఒక్క ప్లేటు, ఒక్క అవకాశం. చదువు ప్రకారం ఆయన లాయరు, నలభై దాటాక కెమెరా పట్టాడు. యూదుడైనందుకు 1944లో ఆష్‌విట్జ్‌లో చంపేశారు. ఆయన కెమెరాకు, నా కెమెరాకు తేడా ఏమిటని ఆ చలికాలమంతా ఆ ఫోటోల్ని పక్కన పెట్టుకుని చూసేవాణ్ని. గాజే తేడా అని తెలియడానికి అంత కాలం పట్టింది.

గాజు పద్ధతికి మారాక తీసిన మొదటి మంచి ఫోటో మా అమ్మాయిది. రాత్రి హోంవర్కు చేస్తూ టేబుల్ ల్యాంపు కింద వాలింది. కుడి కన్ను, దాని మీద పడ్డ వెంట్రుక, పెన్సిల్ కొరుకుతున్న పళ్లు. చెవి దాటాక గది మొత్తం కరిగిపోయింది. నెగెటివ్‌ను తడిగానే కిటికీ దగ్గర పట్టుకుని చూసి మా ఆవిణ్ని పిలిచాను. ఇద్దరం ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాం.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది సంక్రాంతికి తీసింది. ఇక్కడి తెలుగువాళ్లం ఒక హాలు అద్దెకు తీసుకుని పండగ చేసుకుంటాం. పిల్లలకు భోగిపళ్లు పోస్తున్నారు. రేగుపళ్లు దొరక్క చెర్రీలు, నాణేలు, పూరేకులు కలిపారు. ఫ్లాష్ వేస్తే పసివాళ్లు ఉలిక్కిపడతారు. నేను వేయను, వేసే వీలూ లేదు. ఇరవయ్యో వంతు సెకను. ఫోటోలో పళ్లు, నాణేలు పొడుగాటి తెల్లటి గీతలై కురుస్తున్నాయి. వాటి కింద ఏడాది నిండని బాబు కళ్లు రెండూ పైకెత్తి చూస్తున్నాడు, ఒక్క రవ్వ కూడా చెదరలేదు. ఆ బాబు అమ్మమ్మకు పెద్ద ప్రింటు చేసి ఇచ్చాను. చిన్న ఫోన్లతో అక్కడ వందల ఫోటోలు తీశారు. అవి ఇంకా స్పష్టంగా ఉండొచ్చు. కానీ ఫోను చీకటిని తీసేసి గదంతా పగలు చేస్తుంది. ఇది చీకటిని ఉన్నచోట ఉండనిస్తుంది. రాత్రి తీసింది రాత్రిలాగే కనిపిస్తుంది.

"కనిపించేదాన్నల్లా ఫోటో తీయొచ్చు" అన్న అర్థంలో అప్పట్లో ఈ కెమెరాకు ప్రకటనలు వేశారు. మొదట్లో నేనూ అందరికీ అదే చెప్పేవాణ్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఈ లెన్సు గాజుకు పూత లేదు. ఆ పూతలు 1930ల మధ్యలో కనిపెట్టారు. పూత లేని ఒక్కో గాజు ముఖం దగ్గర నూటికి నాలుగైదు వంతుల కాంతి వెనక్కి పోతుంది. లోపల అలాంటి ముఖాలు చాలానే ఉన్నాయి. కాబట్టి లైట్ మీటరు 1.8కి చెప్పినదానికంటే నేను అర స్టాపు, అంటే దాదాపు ఒకటిన్నర రెట్ల కాంతి, ఎక్కువే ఇస్తాను. దీపం ఫ్రేములోకి వస్తే ఇంకో సమస్య. డిసెంబరులో ఇక్కడ ప్రతి కిటికీలోనూ ష్విబ్‌బోగెన్ అనే దీపాల తోరణం పెడతారు. దాని పక్కన మనిషిని నిలబెట్టి తీశానా, బొమ్మ మొత్తం మీద పాలు చల్లినట్టవుతుంది. దీపం వెలుగు కావాలి, దీపం మాత్రం ఫ్రేము బయట ఉండాలి. ఎనిమిది సెంటీమీటర్ల లోతు కాబట్టి ఇద్దర్ని పక్కపక్కన తీయడం కూడా కష్టమే. ఒకరు కాస్త ముందుకు వంగితే రెండోవాళ్లు పోతారు. మా పెళ్లిరోజు ఫోటోలో మా ఆవిడ ఉంది, నేను లేను.

కొనొచ్చా అని ఎవరైనా అడిగితే నా పరిస్థితి చెప్పి ఊరుకుంటాను. ఏడాదిలో ఐదు నెలలు సాయంత్రమే రాత్రయ్యే ఊళ్లో ఉంటున్నాను. కిటికీ లేని బాత్రూం ఉంది, దాన్ని చీకటిగది చేసుకున్నాను. ఇంట్లో వాళ్లు ఓర్చుకుంటారు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఈపాటికి దీన్ని నేను కూడా బీరువాలో పెట్టేసేవాణ్ని. ఎండ దండిగా ఉండే చోట ఇంత పెద్ద లెన్సు మోయాల్సిన అవసరం లేదు. షట్టర్ రబ్బరు గుడ్డ వందేళ్ల నాటిది. దాన్ని వేడిలో వదలాలంటే నాకు భయం.

ఆ భయంతోనే తెనాలికి మూడుసార్లు వెళ్లినా దీన్ని తీసుకెళ్లలేదు. ఎయిర్‌పోర్టు స్కానర్లు ఫిల్మును పాడుచేస్తాయన్న టెన్షన్ కూడా ఒకటి. అమ్మకు మోకాళ్లు పట్టేశాయి. ఇక అంత దూరం విమానంలో రాలేనంటోంది. జనవరిలో తెనాలిలో ఎండ అంత ఉండదు. ఈ సంక్రాంతికి కెమెరాతోనే వెళ్తున్నాను. ఆరు హోల్డర్లూ నింపి, ఒక డబ్బాలో విడిగా పెట్టుకుని, స్కానర్లో వేయకుండా చేత్తో చూడమని అడుగుతాను. వంటగదిలో ఏ బల్బు ఉందో తమ్ముణ్ని అడిగి తెలుసుకున్నాను.

అమ్మకు కూడా చెప్పాను, ఈసారి గోడకు ఆనుకోనక్కర్లేదని. "ఆ గాజులే వేసుకోమంటావా?" అని అడిగింది. వేసుకోమన్నాను.